తడి నలుపు

“నలుపు నలుపే కదా హెలెనా, అందులో కొలవడానికేముంది?” పొద్దున ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే భర్త సుందర్ రాజు నవ్వుతూ అన్నాడు. తాముండే క్రాన్‌బర్న్‌లో రైలెక్కి యూనివర్సిటీకి చేరినా ఆ మాట ఆమె చెవిలోంచి పోలేదు.

ముద్రణ సిరాల మీద ఆమె మాస్టర్స్ ప్రాజెక్టు. అందులోనూ బాగా చిక్కటి నలుపులు. కాగితం మీద పూసిన సిరా ఆరాక పరికరాన్ని ఆనిస్తే, వేసిన వెలుగులో ఎంత తిరిగొచ్చిందో చెబుతుంది. నలుపు నుంచి తిరిగొచ్చేదే రవ్వంత. ఆ రవ్వంత తప్పితే లెక్కంతా తప్పే.

“డిడ్ యూ మెజర్ దెమ్ వెట్?” ఆమె అంకెలు చూసి గైడు కరోలిన్ మెల్లగా అడిగింది.

అవును, తడిమీదే కొలిచింది. తడి సిరా నిగనిగలాడి, ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుందని ఆమెకు తెలియక కాదు. శుక్రవారం శుక్రవారం ఇంట్లో ప్రార్థన కూడిక, పాతికమందికి వంట. ఆరేదాకా కూర్చుంటే బిర్యానీ దమ్ముకెక్కేదెప్పుడు? అందుకే అంచు వేలితో తాకి, అంటకపోతే ఆరిందనుకుని కొలిచేసి, కాగితాలు ఒకదానిమీద ఒకటి పడేసి పరుగెత్తేది. అవన్నీ అంటుకుని పాడయ్యాయి. దేవుని బిడ్డలకు వడ్డించడం సేవేనని మనసారా నమ్మిన మనిషి ఆమె. మరి పాటలప్పుడు గరిటెతో, సాక్ష్యాలప్పుడు అంట్లతో తానొక్కతే వంటింట్లో ఎందుకున్నట్టు? పోయినవారం అందరి ముందూ “మా ఆవిడ రంగులేసే కోర్సు చేస్తోందండీ” అని ఆయన నవ్విస్తే తనూ ఎందుకు నవ్వినట్టు? తప్పని తెలిసిన అంకెలు రాసివ్వడం అబద్ధ సాక్ష్యం కాదా ప్రభువా?

ఇవాళా శుక్రవారమే. సోమవారం ప్రాజెక్టు ఇచ్చేయాలి. శనాదివారాలు ల్యాబ్ తెరవరు. హెలెనా మళ్లీ అన్నీ పూసి, బల్లకీ కిటికీకీ మధ్య తిరుగుతూ ఉండగా ఫోన్ మోగింది.

“ఎక్కడున్నావే? అమృతం ఆంటీ వాళ్లు ఆరింటికే వచ్చేస్తారంట.”

“నేను రాలేనండి. ఇవి ఆరాక కొలవాలి.”

“ఫ్యాన్ కింద పెట్టి కానిచ్చెయ్. అంత నలుపులో తేడా ఎవడికి కనబడుద్ది?”

“నాకు కనబడుతోంది.”

“మరి భోజనాలు?”

“ఉల్లిపాయలు తరిగే ఉన్నాయి. మీరు వేయించండి.”

అటువైపు ఏదో మూత కింద పడ్డ చప్పుడు. “సర్లే, నీకు జ్వరమని చెప్తాను. పరువు పోకుండా ఉంటది.”

హెలెనా నడక ఆగింది.

“జ్వరమని చెప్పకండి,” అంది. “సిరా ఇంకా ఆరలేదని చెప్పండి.”