నిండుగ్లాసు గారి వెనక టైర్లు

వీధి చివర టైర్ల షాపు నడిపే ఆవిడని అందరూ సుద్దముక్క అంటారు. చెవి మీద ఎప్పుడూ ఒక పసుపు మైనం సుద్ద ఉంటుంది మరి. కొత్త టైరుని చక్రానికి ఎక్కించే ముందు దాని లోపలివైపు ఆ సుద్దతో తారీకు, బండి అప్పటికి తిరిగిన కిలోమీటర్లు, నడిపేది ఎవరు అన్నది రాసిపెడుతుంది. టైరు అరిగిపోయి మళ్ళీ షాపుకొచ్చి, విప్పిన రోజున ఆ రాత బయటపడుతుంది. అప్పుడు రాతనీ అరుగుదలనీ పక్కపక్కన పెట్టి చూసి, ఎదురుగా నిలబడ్డ మనిషి గుట్టంతా చెప్పేస్తుంది. "మలుపుల్లో బాగా తొందరపడతారే మీరు, ఇంట్లో కూడా ఇంతేనా?" అని ఓ పెద్దమనిషిని అడిగితే పక్కనున్న ఆయన భార్య పడీపడీ నవ్వింది.

స్పోర్ట్స్ కార్ల వాళ్ళు మాత్రం వస్తూనే ఒకటే అడుగుతారు: వెనక టైర్లు ఎన్నాళ్ళొస్తాయి? ముందువి ముప్ఫై వేల కిలోమీటర్లయినా వస్తాయి. వెనకవి పాపం మెత్తటి రబ్బరు, ఇంజను బలమంతా వాటి నెత్తినే పడుతుంది. పోనీ ముందువీ వెనకవీ అటూ ఇటూ మారుద్దామంటే కొలతలే వేరు. నెమ్మదస్తుడికి పద్దెనిమిది వేలు, మామూలు మనిషికి పన్నెండు, సిగ్నలు దగ్గర ఒళ్ళు మరిచేవాడికి ఆరు. "బండినేం అడుగుతారండీ, మీ కుడికాలిని అడగండి" అని చెప్పి పంపిస్తుంది సుద్దముక్క.

ఆ సోమవారం పొద్దున విప్పిన రెండు టైర్లు ఇంకెవరివైనా అయ్యుంటే ఆమె హాయిగా నవ్వేసి ఉండేది. కానీ అవి వాళ్ళ నాన్నవి.

నాన్న ముప్ఫై ఆరేళ్ళు బస్సు నడిపాడు. స్టీరింగు ముందు గ్లాసునిండా నీళ్ళు పెట్టుకుని బయల్దేరితే చివరి స్టాపు దాకా చుక్క తొణికేది కాదు. డిపోలో ఆయన్ని నిండుగ్లాసు గారు అనేవాళ్ళు, కొత్త డ్రైవర్లకి ఆయన చేతే పాఠాలు చెప్పించేవాళ్ళు. రిటైరయ్యాక ఓ పళ్ళ డాక్టరు దగ్గర ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. నడుంనొప్పితో అందులోంచి లేవలేక ఆ డాక్టరు దాన్ని వదిలించుకున్నాడు. అమ్మ మండిపడింది. "ఇన్నాళ్ళూ డెబ్భై మందిని ఎక్కించుకు తిరిగి, ఇప్పుడు ఇద్దరు పట్టేదాంట్లో ఇరుక్కుంటారట. నేను గనక అందులో కాలు పెడితే ఒట్టు!" అని చుట్టాల ముందూ, ఇరుగుపొరుగు ముందూ, చివరికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతని ముందు కూడా అంది.

ఇప్పుడు టైరు లోపల సుద్దముక్క చేతిరాతే ఉంది. కిందటేడు తారీకు, దాని కింద 'నాన్న' అని. బండిలో కిలోమీటర్లు చూసి తీసివేత చేసింది. అయిదు వేల తొమ్మిదివందలు.

తప్పు చేశానేమోనని మళ్ళీ చేసింది. అంతే వచ్చింది.

టైరుని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమింది. గాలి ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది, తక్కువైతే అంచుల్లో. ఇది ఈ చివర నుంచి ఆ చివరకి సమంగా బోడిగుండయింది. పైన రబ్బరు చిన్నచిన్న నలుసులుగా లేచి ఉంది. చక్రం నిలబడ్డచోటే గిర్రున తిరిగితే తప్ప అలా లేవదు.

"ఏంటి నాన్నా ఇది?"

"రోడ్లు బాలేవమ్మా" అన్నాడు నాన్న, గోడమీది క్యాలెండరు వంక చూస్తూ.

"రోడ్లు బాగోకపోతే నాలుగూ అరగాలిగా. ముందువి కొత్తవాటిలా ఉన్నాయి."

నాన్న తలదించుకుని చెప్పుల వంక చూశాడు. ముప్ఫై ఆరేళ్ళు ఎవరి ముందూ తలదించని మనిషి అలా నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

రెండేళ్ళ కిందట అచ్చం ఇలాంటి అరుగుదలే ఒక ముసలాయన టైర్ల మీద చూసిందామె. ఆయన కాలు ఆయన మాట వినడం మానేసింది. మెల్లిగా తొక్కుదామనుకుంటే గట్టిగా పడేది. చెబితే నొచ్చుకుంటాడని ఈమె ఊరుకుంది. ఆర్నెల్ల తర్వాత ఆయన సొంత ఇంటి గేటునే గుద్దేసి రెండు నెలలు మంచాన పడ్డాడు. ఆ రోజు నోరు విప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ మథనపడుతుంది. ఇప్పుడు నాన్న వంతు వచ్చిందా? ఆ మాట అనుకోవడానికే ఆమెకి భయం వేసింది.

కొత్త జత ఎక్కించింది. లోపల 'నాన్న' అని రాయబోయి చెయ్యి ఆగిపోయింది. తారీకు మాత్రం వేసి వదిలేసింది.

"పద, ఇంటిదాకా నేనూ వస్తాను" అని షాపులోని స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పట్టి, పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. నాన్నకి అర్థమైంది. సీటుని బాగా వెనక్కి జరుపుకుని, అద్దం పైకెత్తుకుని బండి తీశాడు.

రోజూ నడిపే మనిషి సీటు జరుపుకోవడమేమిటని ఆమెకి ఆ క్షణాన తట్టలేదు. గ్లాసు మీదే కళ్ళన్నీ. నాలుగు సిగ్నళ్ళు, ఒక వంతెన, కూరగాయల బజారులో సందు. చుక్క తొణకలేదు. ఎర్రకారు చిన్నపిల్లలా చెప్పినమాట విని ఇంటి ముందు ఆగింది. మామూలుగా అయితే కూతురు చప్పట్లు కొట్టేదే. కానీ అనుమానం ఓ పట్టాన వదుల్తుందా! పక్కన నేనున్నానని ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపాడు, ఒక్కడే ఉన్నప్పుడో? టైరు అబద్ధం చెప్పదు కదా!

ఇంట్లో ముందుగదిలో కూర్చున్నారు. పక్కగదిలో అమ్మ కుట్టుమిషను ముందుంది. నలభై ఏళ్ళుగా టైలరు ఆవిడ. ఇప్పుడు ఏదో ఆసుపత్రికి కర్టెన్లు కుడుతోంది, నేలంతా నీలం గుడ్డ పరుచుకుని ఉంది.

"నాన్నా, నువ్వు తిట్టినా సరే, చెప్పక తప్పదు. నీ కాలు..." అని ఆగింది. "ఇంక తాళంచెవి నా దగ్గర ఉండనీ."

నాన్న వాదిస్తాడనుకుంది. కాలికేమైందే, రాయిలా ఉంది అని విరుచుకుపడతాడనుకుంది. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, ఒకసారి చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. కళ్ళు చెమర్చాయి. "మంచిదేనమ్మా, నీ ఇష్టం" అన్నాడు. అంతే.

సుద్దముక్కకి ఏడుపొచ్చేసింది.

పక్కగదిలో అంతసేపూ ఆగి ఉన్న మిషను అప్పుడే మొదలైంది. మొదలైందంటే మామూలుగానా! బర్ర్‌మని ఒక్కసారిగా ఎగిరి, గజం గుడ్డ కుట్టేసి, టక్కున ఆగింది. మళ్ళీ బర్ర్. మళ్ళీ టక్. నెమ్మది అన్నమాటే లేదు. ఆ చప్పుడు సుద్దముక్క ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ వింటోంది. మోటారు పెడలు మీద అమ్మ కాలు పెడితే అడుగంటా నొక్కాల్సిందే. బెల్టులు ఎన్నిసార్లు తెగాయో! మిషను బాగుచేసే ఆయన "అమ్మా, మీది కాలా ఇనపగుండా?" అని దణ్ణం పెట్టిన రోజూ గుర్తుంది.

తలుపులోంచి చూసింది. పెడలు మీద అమ్మ కుడికాలు. నేలకి అంటిపోయి ఉంది.

సీటెందుకు జరుపుకున్నాడో అప్పుడు వెలిగింది. అమ్మ అయిదడుగులు కూడా ఉండదు.

"అమ్మా" అంది గుమ్మంలో నిలబడి. "లైసెన్సు ఎక్కడ దాచావ్?"

సూది గుడ్డలోనే ఆగిపోయింది. "ఏ లైసెన్సే? నాకు లైసెన్సేంటి, చోద్యం కాకపోతే!"

"చూపిస్తావా, నువ్వన్నీ దాచే ఆ డ్రాయరు నన్నే తియ్యమంటావా?"

అమ్మ పెదవి బిగించి, దారపు రీళ్ళ డ్రాయరు తానే లాగి, బొత్తాల డబ్బా కింద నుంచి లైసెన్సు కార్డు తీసి గుడ్డ మీద పడేసింది. "మొదటిసారికే పాసయ్యాను, తెలుసా? నా ముందు టెస్టుకి కూర్చున్నతనికి అది మూడోసారట" అంది. దాచలేక దాచలేక ఏడాది దాచిన గొప్ప అది, గొంతులో పొంగిపోయింది.

"మరి చెప్పడానికేం?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే? ఒట్టేసుకుని ఊరంతా చాటించానాయె! ఓ తెల్లారుజామున మీ నాన్న ఊరికే కూర్చోమంటే కూర్చున్నాను. సరే, ఓసారి స్టీరింగు పట్టుకోమంటే పట్టుకున్నాను. ఆ తర్వాత..." చెయ్యి గాల్లో తిప్పింది. "కడుపు లోపలికిపోయి, వీపు సీటుకంటుకుపోయి, అబ్బో! ఇన్నేళ్ళూ ఇంతలేసి కర్టెన్లు కుట్టడమే గానీ, ఇలాంటిదుందని నాకెవరు చెప్పారు?"

"మోటారుసైకిలు పిల్లల్ని నిన్న ఇద్దర్ని దాటేసింది. ఆ రోడ్డు మీదింక ఎవరూ లేర్లే" అన్నాడు వెనకనుంచి నాన్న. ఆ గొంతులో నింద లేదు, మంచి శిష్యురాలు దొరికిన గురువు సంబరం ఉంది.

"నాన్నా, మరి నువ్వు? నీ కాలు పోయిందంటే ఒప్పేసుకున్నావేం?"

"ఎవరికీ చెప్పనని మీ అమ్మకి మాటిచ్చానమ్మా."

"అందుకని తాళం ఇచ్చేస్తారా?" అమ్మ ఆయన మీదికి లేచింది. "అడిగితే నామీద చెప్పొద్దూ? ఏం మనిషండీ మీరు!" అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సుద్దముక్క నవ్వింది. ఏడ్చింది. రెండూ కలిసిపోయాయి. నాన్న కాలు నాన్న దగ్గరే భద్రంగా ఉంది, అంతకంటే ఏం కావాలి! ఆయన కుడిమోకాలి మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కింది. ఆయన "అయ్యో, కితకితలే" అని గంతేశాడు. ఆమె తాళంచెవి తిరిగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అమ్మ చేతిలో పెట్టాడు.

"ఇంకేం, మధ్యాహ్నం షాపు తెరవాలిగా. మీ అమ్మే దింపుతుంది. ఇద్దరికే చోటు, నేను ఉండిపోతాలే" అని గ్లాసు మళ్ళీ నిండా పట్టి కూతురికి అందించాడు.

వీధిలో అరుగుల మీద వాళ్ళంతా చూస్తుండగా, అందులో కాలు పెట్టనని ఒట్టేసిన మనిషి దర్జాగా ఎక్కి, సీటుని ముందుకి లాక్కుని, వీపు వెనక దిండు సర్దుకుంది. ఎవరి వంకా చూడలేదు. కానీ మెడ మాత్రం కాస్త నిటారుగానే ఉంది.

మొదటి సిగ్నలు పచ్చబడగానే గ్లాసులో సగం సుద్దముక్క ఒళ్ళోకి వచ్చింది. రెండో సిగ్నలుకి మిగతా సగం మొహాన కొట్టింది. "అమ్మా, మెల్లిగా!" అని అరవబోయి, నోట్లో నీళ్ళు పోయి, దగ్గుతూ దగ్గుతూ పకపకా నవ్వింది. పక్కన అమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. పదేళ్ళలో అమ్మ అలా నవ్వగా చూడలేదామె.

మూడో సిగ్నలు ఎర్రగా ఉంది. అమ్మ బుద్ధిగా ఆగింది.

"ఏమే, ఈ కొత్త టైర్లు ఎన్నాళ్ళొస్తాయి?"

సుద్దముక్క తడిసిన చెవి మీదినుంచి సుద్ద తీసి, ఖాళీ గ్లాసు మీద 'అమ్మ' అని రాసింది. "నాన్న నడిపితే పద్దెనిమిది వేలు. నువ్వు నడిపితే ఆరు."

అమ్మ ఎర్రలైటు వంక చూస్తూ ఓ క్షణం ఆలోచించింది.

"అయితే ఇంకో జత తెప్పించి ఉంచు" అంది.