వాసన లేని వేసవి

ఆ పెద్ద దుకాణంలోకి గాజు తలుపులు తోసుకుని రాగానే ఎదురయ్యేది సెంట్ల కౌంటరు. అక్కడ నిలబడే ఆమెను దుకాణంలో వాళ్లంతా సెంటక్క అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి ఒక్కడికే తెలుసేమో.

చలికాలం చివర్లో ఆమెకు జ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనలన్నీ వెంట తీసుకుపోయింది. మళ్లీ పనిలోకి వచ్చిన పొద్దున ఎవరూ చూడకుండా ఒక్కో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్నీ నీళ్లే. సాయంత్రం ఇంట్లో సబ్బు తుంచి చూసింది, ఉల్లిపాయ కోసి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి తప్ప ఘాటు తెలియలేదు. డాక్టరు మాత్రం, "కొందరికి తొందరగా వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుందమ్మా" అన్నాడు. అసలు రాని వాళ్ల సంగతి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో చెబితే కౌంటరు పోతుంది. ఇంట్లో చెబితే అది నిజమైపోతుంది.

ఆ వేసవికి కంపెనీ కొత్త సెంటు పంపింది. లేతనీలం సీసా. పూల సెంటే, కానీ సముద్రం ఒడ్డున గడిపిన వేసవి రోజులు గుర్తుకు తెస్తుందని కంపెనీ వాళ్లు చెప్పారు. దాని శాంపిల్ జ్వరానికి ముందే వచ్చింది. మణికట్టు మీద చల్లుకుని ఆ రోజంతా ఆమె వాసన చూసుకుంటూనే ఉంది. మొదట నిమ్మతొక్క గిల్లినట్టు, ఆ తర్వాత తెల్లటి పూలు, అన్నీ పోయాక సాయంత్రానికి ఎండకు కాగిన ఇసుక. ఆమెకు బాగా గుర్తున్న చివరి వాసన అదే.

ఆ వాసన ఆమెకు కొత్తదేమీ కాదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. సెలవుల్లో అక్కనీ తననీ వెంట తీసుకెళ్లి షెడ్డు వెనక వదిలేసేవాడు. అక్కడ ఇసుకలోనే ఒక పూలపొద ఉండేది. ఇద్దరూ దాని నీడలో పడుకుని, తడిసిన జుట్టు ఆరబెట్టుకుంటూ, నాన్న పని ఎప్పుడవుతుందా అని చూసేవాళ్లు. ఏ పనీ లేకుండా ఆమె పడుకున్న రోజులు అవే. తర్వాత మళ్లీ అలాంటివి రాలేదు.

కౌంటరు ముందు ఎవరు ఆగినా కాగితం ముక్క మీద సెంటు చల్లి ఆ రోజులే చెప్పేది. "కళ్లు మూసుకోండి. ఇప్పుడే నీళ్లలోంచి బయటికొచ్చారు. వేడి ఇసుకలో పడుకున్నారు, జుట్టు ఆరుతోంది. పక్కనే పూలపొద. మిమ్మల్నెవరూ ఏ పనికీ పిలవరు." ఆఖరి మాట దగ్గర ఆడవాళ్లు నిట్టూర్చేవారు. సీసాలు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయేవి. ముక్కు పోయాక మాట పదునెక్కిందని ఆమెకే అనిపించింది. కానీ సాయంత్రానికి ఒళ్లు పిండేసిన బట్టలా అయ్యేది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం బరువులు మోయడం కన్నా కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఎండలు ముదిరేసరికి అమ్మకాలు పడిపోయాయి. మాట అదే, మనుషులూ అలాంటివాళ్లే. ఆమె చెబుతున్నంతసేపూ తలూపి, కాగితం వాసన చూడగానే మొహమాటంగా నవ్వి వెళ్లిపోయేవారు. తన గొంతులోనే ఏదో తేడా వచ్చిందనుకుని ఆమె ఇంకా ప్రాణం పెట్టి చెప్పేది.

ఒక మధ్యాహ్నం రిటైరైన నర్సు ఒకావిడ వచ్చింది. మొత్తం విని, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"అమ్మాయ్, ఒక మాట చెబితే ఏమీ అనుకోవు కదా?"

"చెప్పండమ్మా."

"నువ్వు చెబుతుంటే అక్కడికే వెళ్లొచ్చినట్టుంది. ఈ సెంటు మాత్రం పాడైపోయింది. పుల్లటి కంపు కొడుతోంది. నీకు తెలియడం లేదా?"

ఆమె సీసా వైపు చూసింది. చల్లి చూపించే ఆ సీసా మొదటి రోజు నుంచీ వేడి దీపం కిందే ఉంది. లోపలి నీలంరంగు సెంటు కూడా కొంచెం పసుపు తిరిగింది. జలుబు చేసిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంకో అబద్ధానికి ఓపిక లేదు.

"తెలియడం లేదమ్మా. జ్వరం వచ్చినప్పటి నుంచీ."

నర్సమ్మ ఆశ్చర్యపోలేదు. "కొత్త సీసా తెరువు. నేను చూసి చెబుతాను" అంది. ఆమె తెరిచి చల్లింది. నర్సమ్మ కళ్లు మూసుకుంది. "నిమ్మకాయ ఉంది. పూలున్నాయి." మళ్లీ వాసన చూసి, "ఇసుక ఇంకా రాలేదు" అంది.

"అది సాయంత్రానికి వస్తుందమ్మా."

"అయితే ఇంటికెళ్లి చూసుకుంటాను" అని ఆ సీసాయే కట్టించుకుని వెళ్లింది.

పక్క కౌంటర్లో లిప్‌స్టిక్‌లు అమ్మే అమ్మాయి అంతా వింది. "కంపు నాకూ తెలిసిందక్కా. ఖరీదైనవన్నీ అలాగే ఉంటాయేమో అనుకుని ఊరుకున్నా" అంది. సెంటక్కకు నవ్వొచ్చింది. చాన్నాళ్లకి వచ్చిన నవ్వు కావడంతో ఆపుకోవడం కష్టమైంది.

పిలవకముందే తానే మేనేజరు గదికి వెళ్లి చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు.

"ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?"

"మాటలతో సార్."

"సూట్‌కేసుల దగ్గర మనిషి కావాలి. రేపటి నుంచి అక్కడ ఉండు" అని ఆయన ఫోను అందుకున్నాడు. ఆమెను తిట్టే ఓపిక ఆయనకూ ఉన్నట్టు లేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త ఫ్యాను విప్పి బాగుచేస్తున్నాడు. చెప్పులు కూడా విడవకుండా, గోడకి ఆనుకుని నేల మీద కూలబడి, మొత్తం చెప్పేసింది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"ముక్కు సంగతి నాకు తెలుసు."

"ఎలా?"

"విరిగిన పాలతో టీ పెట్టావు. ఒకసారి కాదు."

"మరి తాగావు?"

"పెట్టావు కదా."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"నువ్వే చెబుతావని చూశాను. రోజంతా నోరు నొప్పి పుట్టేలా మాట్లాడి వస్తావు. ఇంటికొచ్చాక కూడా ఏం చెప్పిస్తాంలే అనుకున్నాను."

ఆమె కళ్లు మూసుకుంది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. నిద్ర వచ్చింది. గోడకి ఆనుకున్నది అలాగే పక్కకి ఒరిగింది. ఆయన దిండు తెచ్చి తల కింద పెట్టి, చెప్పులు విప్పాడు.

"వంట?" అంది కళ్లు తెరవకుండానే.

"నేను చూసుకుంటాలే. పడుకో."

బయట ఇంకా వెలుతురుంది. వీధిలో ఎవరో ఎవరినో కేకేస్తున్నారు. తనని కాదని తెలిసి, ఆమె అటు తిరిగి పడుకుంది.