వట్టి చేతుల నడక

"దొరలకొచ్చే రోగం సాలోళ్ల ఇంట్లకెట్ల వచ్చిందే?" అని అత్త కనకవ్వ అడిగినప్పుడు శంకరవ్వ రాట్నం తిప్పుతూనే ఉంది. మాట్లాడటానికి కండెకు నూలు చుట్టడం ఆపే అలవాటు ఆమెకు లేదు. లోపల గుంట మగ్గంలో భర్త పర్శరాములు నాడె ఆడిస్తున్నాడు. ఇక్కడ కండె ఆలస్యమైతే అక్కడ మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఆయన నోరు మొదలవుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఈ ఇంట్లో జరుగుతున్నది ఇదే.

నిన్న మిషన్ దవాఖానలో నర్సు మగ్దలేనమ్మ ఆమె మూత్రంలో నీలం మందు పోసి దీపం మీద కాచింది. నీలం కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. చక్కెర రోగం అంది. "రోజూ పొద్దుగాల గంటసేపు నడువాలె శంకరవ్వా. కాళ్లకు చెప్పులేసుకో. గీ రోగంల కాళ్లు మొద్దుబారుతయి, పుండు పడితే మానది." శంకరవ్వకు తనను కన్న అవ్వ గుర్తొచ్చింది. బొటనవేలి మీద చిన్న పుండుతో మొదలై, మోకాలి దాకా కాలు నల్లబడి ప్రాణం విడిచింది అవ్వ. అప్పుడెవరూ పేరు చెప్పలేదు. ఇప్పుడు పేరు తెలిసింది.

ఇన్ని తెలిసినా శంకరవ్వకు నడవాలని లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆమెకు కూర్చోవడమే ఇష్టం. కూర్చుని చేసే పని కాబట్టి కండెలు చుట్టడం కూడా ఆమె లెక్కలో విశ్రాంతే. మొదటి రోజు మూడు వాడలు దాటి, చేదబావి గద్దె మీద కూలబడి, గంట గడిచిందనిపించాక లేచి ఇంటికొచ్చింది. "నడిచొచ్చినవా?" అని భర్త అడిగితే "ఆఁ" అంది. ఆ అబద్ధానికి పొద్దంతా చెంపలు వేసుకుంటూనే ఉంది.

రెండో రోజు నిజంగానే నడిచింది. అసలు చిక్కు అప్పుడు తెలిసింది. వాడలో ప్రతి గడపా "ఏడికి శంకరవ్వా?" అని అడుగుతుంది. ఆడది వట్టి చేతులతో, ఏ పనీ లేకుండా, ఎక్కడికీ కాకుండా నడుస్తోందంటే ఎవరు నమ్ముతారు? పెండ ఎత్తుకురావడానికని ఒకరికి చెప్పింది, ఆడబిడ్డను చూడటానికని ఇంకొకరికి చెప్పింది. నాలుగో రోజుకు అబద్ధాలు అయిపోయాయి. ఐదో రోజు చంకలో బిందె పెట్టుకుని బయల్దేరింది. బిందె ఉంటే ఎవరూ ఏమీ అడగరు కదా!

అదే ఆమె చేసిన తప్పు. జిల్లా కచేరీలో పని మీద చంకలో కాగితాలతో గడప దాటుతున్న అదే వాడ సాంబయ్యకు ఖాళీ బిందెతో ఎదురొచ్చింది. ఆయన అక్కడే చతికిలబడ్డాడు. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరేసరికి బస్సు పోయింది. వాడంతా విన్నది. ఇంటికొచ్చాక కనకవ్వ, "గంత పొద్దుగాల ఖాళీ బిందె పట్టుకొని తిరుగుతరానే? మనింటికి మాట తెచ్చినవ్," అంది. శంకరవ్వ తల ఎత్తలేదు. ఎవరి పని చెడినా అది తనవల్లే అనుకోవడం ఆమెకు పుట్టింటి నుంచే అలవాటు.

పరిహారంగా మర్నాటి నుంచి మొదటి బావి దగ్గరే బిందె నింపి, నెత్తిన పెట్టుకుని నడిచింది. నీళ్లు నింపుకుని ఊరంతా తిరిగి ఇంటికి తెచ్చే మనిషిని హుజూరాబాద్ అంతకుముందు చూసి ఉండదు. కానీ ముత్తైదువ నిండు బిందెతో ఎదురొస్తే శుభం. ఈసారి ఆమె నిండు బిందె ఎదురొచ్చాక కచేరీలో సాంబయ్య పని అయింది. దాంతో శంకరవ్వకు గిరాకీ పెరిగింది. "అక్కా, రేపు మా పిల్ల పరీక్షకు పోతున్నది, జర మా ముంగటికెల్లి రా." "వదినా, ఎద్దుల బేరానికి పోతుండు మా ఆయన, అటు దిక్కు ఒక్కసారి." కాదనడం ఆమెకు రాదు. ఏ వాడలో ఎప్పుడు ఎదురు రావాలో రాత్రి పడుకునే ముందే గుర్తు పెట్టుకోవలసి వచ్చింది. చెప్పులు వేసుకుంటానంటే కనకవ్వ గయ్యిమంది. "నిండు బిందె ఎత్తుకొని చెప్పులా? శకునం చెడగొడ్తవా?"

"ఊరందరికి శకునమిస్తున్నవ్, నా మగ్గానికి కండెలు మాత్రం లెవ్వు," అన్నాడు పర్శరాములు ఒకనాడు. మాటలో నిజం ఉందనిపించి, ఆమె గంట ముందే లేచి కండెలు చుట్టి పెట్టడం మొదలుపెట్టింది. ఇంత చేసినా లోపల ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది. ఎందుకంటే ఆమెకు ఒక రహస్యం ఉంది. వాడలన్నీ తిరిగాక, వరంగల్ సడక్ మీద కొద్ది దూరం ఇళ్లుండవు. వరి మళ్ల మీది గాలి చల్లగా తగులుతుంది. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. అక్కడ బిందె దించి కాసేపు ఊరికే నిలబడుతుంది. రోగం వచ్చిందని ఏడవాల్సింది పోయి, రోగం పేరు చెప్పి సంతోషపడుతున్నానని సిగ్గుపడుతుంది. మళ్లీ మర్నాడు అక్కడే నిలబడుతుంది.

నెల తర్వాత దవాఖానకు వెళితే మగ్దలేనమ్మ ఆమె పాదం ఎత్తి వెలుతురుకు తిప్పింది. మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ చీము పట్టింది.

"ఎప్పుడు కుచ్చుకున్నది?"

"కుచ్చుకున్నదా?" అంది శంకరవ్వ.

నర్సు ముల్లు తీస్తుంటే కూడా ఆమెకు నొప్పి తెలియలేదు. అవ్వ కూడా మొదట్లో నొప్పి లేదనే అనేది. చెప్పులు, బిందె, శకునాలు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది శంకరవ్వ, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"నిన్ను నడువుమన్న, ఊరి బరువు మొయ్యుమన్ననా?" అంది మగ్దలేనమ్మ కట్టు కడుతూ. "కాలు పోతే నీకే పోతది శంకరవ్వా. వాళ్లెవ్వలకు పోదు."

పది రోజులు మందు కట్టించుకున్నాక పుండు మానింది. మానిన మర్నాడు పొద్దున శంకరవ్వ భర్త పాత చెప్పులు తొడుక్కుంది. అవి ఆమెకు పెద్దవి, టపటపమంటున్నాయి. బిందె గూట్లోనే ఉంది.

"బిందేది?" అన్నాడు పర్శరాములు మగ్గంలోంచి తల ఎత్తి.

"ఇంట్లనే ఉన్నది."

"మరి ఏం పనికి పోతున్నవ్?"

శంకరవ్వ గడప దాటి వెనక్కి తిరిగింది. ఉన్నమాటే చెప్పింది. "ఏం పనికి లేదు. నడువ పోతున్న."

"కండెలెవలు చుట్టాలె?"

"రాట్నం గాడనే ఉన్నది."

సాంబయ్య కొత్త ధోవతి కట్టుకుని తన గడపలో ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. "బిందె మర్సిపోయినవా శంకరవ్వా?" అన్నాడు పరేషాన్‌గా.

"మరువలే, బావా," అని ఆయన ముందునుంచే నడిచిపోయింది. వెనక ఆయన ఉస్సురంటూ కూలబడ్డ చప్పుడు వినిపించింది. మెడ తేలిగ్గా ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. తప్పు చేస్తున్నానన్న బాధ మాత్రం ఎప్పటిలాగే ఇంటి దగ్గర్నుంచి వెంటపడి వస్తూనే ఉంది. రానీ, దానికి కూడా నాలుగడుగులు నడవడం మంచిదే అనుకుని శంకరవ్వ వరంగల్ సడక్ ఎక్కింది.