ముదినేపల్లి సెంటర్లో ఎదురు మేళం

భాస్కరరావుని నేను కొట్టిన చెంపదెబ్బ గురించి బందరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కటే కొట్టానే అని నాకు ఇప్పటికీ దిగులు. కానీ ఆ దెబ్బ కథ చెప్పాలంటే నా బాగోతం కూడా చెప్పుకోవాలి. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

నా పేరు సలాం. బందరులో రేడియోలు రిపేరు చేసేవాణ్ణి, మైకు సెట్లు అద్దెకిచ్చేవాణ్ణి. భాస్కరరావుది గుడివాడే గానీ మద్రాసులో స్థిరపడ్డాడు. అక్కడ అతనికి డాక్యుమెంటరీలు తీసే కంపెనీ ఒకటుంది. హరికథలు చెప్పేవాళ్ళూ, స్టేజీ మీద పద్యాలు పాడేవాళ్ళూ, బుర్రకథ దళాలూ, ఇలాంటివాళ్ళ మీద చిన్న చిన్న సినిమాలు తీస్తాడు. ఉప్పెన వచ్చిన మరుసటి వేసవిలో, అంటే డెబ్బై ఎనిమిది ఏప్రిల్లో, మా మేనమామ సుభాని మీద సినిమా తీస్తానని దిగాడు. సౌండు పని నాకిచ్చాడు. "తెర మీద నీ పేరు వేస్తానోయ్" అన్నాడు. నా మొహానికి తెర ఒకటి! అయినా ఆ మాటకి నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

మా మావయ్య సన్నాయి అంటే గుడివాడ చుట్టుపక్కల పెళ్లివారు ముహూర్తం కంటే ముందు ఆయన తారీఖులు అడిగేవారు. ఆయనకంత పేరు రావడానికి కారణం ముదినేపల్లి. సంగతేమిటంటే, మా వైపు రెండు పెళ్లి ఊరేగింపులు ఒకే సెంటర్లో ఎదురైతే ఎవరూ పక్కకి తప్పుకోరు. రెండు మేళాలూ ఎదురెదురుగా నిలబడి వాయించాలి. ఏ మేళం ముందు ఆపితే ఆ పెళ్లివారు దారి ఇవ్వాలి. దారి ఇచ్చినవాళ్ళ పరువు గంగలో కలిసినట్టే. ఆ కోపం ఎవరి మీద చూపిస్తారు? తమ మేళగాడి మీదే చూపిస్తారు. తాము పిలిపించుకున్నవాణ్ణి తామే చావబాదుతారు. పాడు రివాజు, కానీ అదే రివాజు.

అప్పటికి ఇరవై ఏళ్ళ కిందట ముదినేపల్లి సెంటర్లో మా మావయ్యకీ, దివిసీమ ముక్తార్‌కీ అలాగే ఎదురైంది. ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు, ఒకే కంచంలో తిన్నారు. మావయ్య వాయిస్తున్నది ముదినేపల్లి పిచ్చేశ్వరరావు పెళ్లికి. ముక్తార్ బంటుమిల్లి పెళ్లివారి తరఫున వచ్చాడు. రెండు గంటలు వాయించాక ముక్తార్‌కి ఊపిరి అందక సన్నాయి దించేశాడు. అంతే, బంటుమిల్లివాళ్ళు అతని మీద పడ్డారు. డోలు పుల్లతో నోటి మీద కొట్టి ముందు పళ్ళు రెండు రాలగొట్టారు. మావయ్య మూడు బారల దూరంలో ఉన్నాడు. పిచ్చేశ్వరరావు "వాయించరా, ఆపావంటే చంపుతా" అని అరుస్తుంటే, ముక్తార్ కేకలు వినిపిస్తూనే ఉన్నా, అందుకున్న కీర్తన చివరిదాకా వాయించి గానీ మావయ్య సన్నాయి దించలేదు.

ఈ ముక్క మావయ్య బయట ఎవరికీ చెప్పుకోలేదు. రోషన్ బీ అత్తయ్య నాకు చెప్పింది. ముక్తార్ ఆ తర్వాత పెద్ద పెళ్ళిళ్ళకి పనికిరాలేదు. దివిసీమలో చిన్నాచితకా పెళ్ళిళ్ళకి వాయించుకుంటూ బతికాడు.

భాస్కరరావుకి ఈ పోటీ సంగతి తెలియగానే పూనకం వచ్చేసింది. "అదే సెంటరు, అదే మనుషులు, మళ్ళీ తీద్దాం. ముక్తార్ మళ్ళీ ఓడిపోవాలి. క్లైమాక్స్ అదే" అన్నాడు.

"అదొక్కటీ వద్దు బాబూ" అన్నాడు మావయ్య.

నేనే నచ్చజెప్పాను. అంతా ఉత్తుత్తిదే మావయ్యా, నాటకం లాంటిది, ఉప్పెనలో ముక్తార్ మావయ్యకి ఇల్లూ పోయింది, మనిషీ పోయింది, ఈ వంకన నలుగురికీ తెలుస్తాడు, అని ఏవేవో చెప్పాను. మావయ్య లోపలికి వెళ్ళి తన రెండో సన్నాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "వాడిది నీళ్ళలో పోయుంటుంది. ఇది వాడికియ్యి" అన్నాడు.

నాగాయలంక అవతల తాటాకు పాకలో ఉన్నాడు ముక్తార్. భార్యను పూడ్చిన చోటు కూడా తెలియదట. సన్నాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సుభానిదే" అన్నాడు. నేను వచ్చిన పని చెప్పాను.

"అల్లుడూ, ఈసారి ఎవరూ కొట్టరు కదా?" అన్నాడు నవ్వుతూ. నవ్వితే ముందు పళ్ళ సందు కనిపించింది.

"మీ మీద ఒక్క చెయ్యి పడితే నన్నడగండి. నాదీ పూచీ" అన్నాను. నా నోరు పడిపోను, ఎంత ధీమాగా అన్నానో!

షూటింగు మొదటి నాలుగు రోజులూ మావయ్యకీ భాస్కరరావుకీ ఒకటే గొడవ. "కట్" అని అరిస్తే వెంటనే ఆపాలి, ఫిల్ము వృథా అవుతుందంటాడు అతను. రాగం మధ్యలో ఎలా తెంచుతాం బాబూ అంటాడు ఈయన. నాలుగో రోజు భాస్కరరావుకి తిక్క రేగి, యాభై మంది ముందర "వినబడదా ముసలాడా" అనేశాడు. మావయ్య మొహం నల్లబడింది. ఆ క్షణం నుంచి ఆయన "కట్" మాట చెవిన పడితే చాలు, ఎంత పైస్థాయిలో ఉన్నా సన్నాయి దించేసేవాడు.

అయిదో రోజు పొద్దున ముక్తార్ వచ్చాడు. "అతనికి కట్ అంటే ఏమిటో చెప్పు సలాం" అని భాస్కరరావు నాకు పురమాయించాడు. మైకు వైరు తెగితే అతుకుతూ కూర్చుని ఆ సంగతి మరిచిపోయాను. ఇంతకంటే ఏం చెప్పను? మరిచిపోయాను.

సాయంత్రం నాలుగింటికి ముదినేపల్లి సెంటరు జాతరలా ఉంది. పిచ్చేశ్వరరావు ఇప్పుడు రైసు మిల్లు యజమాని. ఊరేగింపు జనంగా తన చుట్టాల్నీ మిల్లు మనుషుల్నీ వంద మందిని దింపాడు. మధ్యాహ్నం నుంచీ కల్లు తాగుతూనే ఉన్నారు. తన పెళ్లిలో గెలిచిన మేళం కథ ఇరవై ఏళ్ళుగా చెప్పుకున్న మనిషి కదా, పట్టు ఉత్తరీయం వేసుకుని మావయ్య వెనక కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ముక్తార్ వైపు బంటుమిల్లి నుంచి తెచ్చిన యాభై మంది ఉన్నారు.

మొదలుపెట్టారు. అబ్బ, ఏం వాయించారండీ! హెడ్‌ఫోన్లలో నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ముక్తార్ పళ్ళ సందుని నాలికతో కప్పుకుని, పెదవి ఓ పక్కగా నొక్కి, మావయ్య పట్టిన ప్రతి పట్టుకీ బదులిచ్చాడు. అది ఉత్తుత్తి పోటీ అని ఇద్దరూ మరిచిపోయారు. జనమూ మరిచిపోయారు. కెమెరామన్ నతానియేలు చెయ్యి ఎత్తాడు, ఫిల్ము అయిపోయిందని.

"కట్!" అని అరిచాడు భాస్కరరావు.

మావయ్య సన్నాయి దించేశాడు. ముక్తార్ కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు.

వెంటనే బంటుమిల్లివాళ్ళు పైపంచలు గాలిలోకి ఎగరేసి "మీవాడు ఆపాడ్రోయ్! దారి వదలండ్రోయ్!" అని గంతులేశారు. పిచ్చేశ్వరరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. మావయ్య వెనక్కి తిరిగి "కట్ అన్నారండీ, డైరెక్టరు గారు కట్..." అంటున్నాడు. ఆ మాట ఎవడికి కావాలి?

"ఇరవై ఏళ్ళ పరువు తీశావు కదరా నా కొడకా!" అని పిచ్చేశ్వరరావు డోలాయన చేతిలోంచి పుల్ల లాక్కుని మావయ్య నోటి మీద కొట్టాడు.

ఆ దెబ్బ చప్పుడు నేను నా చెవుల్లో విన్నాను. మైకు మావయ్యకి జానెడు దూరంలో ఉంది. ఎండుకొబ్బరి పగిలినట్టు వినిపించింది. రెండో దెబ్బకి పెదవి చీలింది. మిల్లు మనుషులు చుట్టూ చేరి కాళ్ళతో తన్నడం మొదలుపెట్టారు. ఎవడో పందిరి గుంజ పీకి వీపు మీద వేశాడు. నెత్తురు ఆయన తెల్లలాల్చీ మీదుగా కారి మట్టిలో పడుతోంది. భాస్కరరావు ఏం చేశాడనుకున్నారు? "ఫిల్ము మ్యాగజైన్ మార్చు నతానియేలూ, త్వరగా! ఇది మళ్ళీ దొరకదు! సలాం, ఆపకు!" అని అరుస్తున్నాడు.

నేను ఆపలేదు.

సన్నాయి ఆపింది ముక్తార్. కళ్ళు తెరిచి, చూసి, జనాన్ని చీల్చుకుంటూ వచ్చాడు. మావయ్య ఇచ్చిన సన్నాయినే రెండు చేతులా పట్టుకుని పిచ్చేశ్వరరావు నెత్తి మీద బలంగా కొట్టాడు. సన్నాయి రెండు ముక్కలైంది. పిచ్చేశ్వరరావు నెత్తి చిట్లి కూలబడ్డాడు. విరిగిన ముక్కతోనే ఇంకొకడి బుగ్గ చీల్చాడు ముక్తార్. ఆ తర్వాత అతన్నీ పడదోశారు. పడ్డవాడు పడ్డట్టే మావయ్య మీద బోర్లా పడుకుని, తన తల కింద ఆయన తల దాచి, వీపు వాళ్ళకిచ్చేశాడు. గుంజ దెబ్బలన్నీ ఆ వీపు మీదే పడ్డాయి. ఒక్క చెయ్యి పడదని నేను పూచీ ఇచ్చిన వీపు అది!

అప్పుడు హెడ్‌ఫోన్లు నేలకేసి కొట్టి లేచాను నేను. మైకు స్టాండు ఇనుప కడ్డీ పీకి ఎవడు అందితే వాణ్ణి కొట్టాను. ఒకడి జబ్బ విరిగిన చప్పుడు విన్నాను, హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు? పోలీసులు లాఠీలతో దిగాక గానీ గుంపు చెదరలేదు. మావయ్యని ఎత్తుతుంటే నా చేతిలోకి పళ్ళు వచ్చాయి, నాలుగు.

భాస్కరరావు పరుగెత్తుకుంటూ వచ్చి నా భుజం పట్టుకుని, "సౌండు వచ్చిందా?" అన్నాడు.

ఆ చెంపదెబ్బ అప్పటిది. కళ్ళజోడు కాలవలో పడింది. మర్నాడే పెట్టె సర్దుకుని మద్రాసు చెక్కేశాడు. టేపు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

గుడివాడ ఆసుపత్రిలో మావయ్య పెదవికి పదకొండు కుట్లు వేశారు. ఇక సన్నాయి ఊసెత్తవద్దన్నాడు డాక్టరు. పక్క మంచం మీద ముక్తార్, పక్కటెముకలు రెండు విరిగి, బోర్లా పడుకుని ఉన్నాడు. రోషన్ బీ అత్తయ్య నన్ను పేరు పెట్టి తిట్టి అలిసిపోయి ఓ మూల కూర్చుంది. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. నాకు లోపల ఒకటే ఆశ. ఆ రోజు కడ్డీ పట్టుకుని నేనూ దూకాను కదా, మావయ్య ఆ ఒక్కటైనా తలుచుకుని నన్ను క్షమిస్తాడని.

నాలుగో రోజు మావయ్య సైగ చేసి, ముందు పళ్ళు లేని నోటితో కూడబలుక్కుని "టేపు... తే" అన్నాడు. నా జీవితంలో చివరి కచేరీ అది, విననియ్యి, అని అత్తయ్యతో చెప్పించాడు. మిషన్ తెచ్చి కిటికీ దగ్గర పెట్టాను. వార్డంతా మంచాల మీద లేచి కూర్చుంది.

వాయిద్యం నడిచినంతసేపూ మావయ్య కళ్ళు మూసుకుని వేళ్ళు కదుపుతున్నాడు. "కట్" వినిపించింది. ఆయన సన్నాయి ఆగింది. పిచ్చేశ్వరరావు తిట్టు వినిపించింది, మొదటి దెబ్బ వినిపించింది. ముక్తార్ సన్నాయి ఇంకా మోగుతోంది. మావయ్య దుప్పటి మీద వేలితో లెక్క పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముక్తార్ సన్నాయి ఆగిపోయింది.

మావయ్య ముక్తార్ వైపు తిరిగాడు. "నేను... ఆ రోజు... కీర్తన అంతా వాయించానురా" అన్నాడు. కుట్లలోంచి నెత్తురు చిమ్మింది.

"తెలుసులేరా. నాకు వినబడలేదనుకున్నావా? మాట్లాడకు, కుట్లు ఊడతాయి" అన్నాడు ముక్తార్. ఇద్దరూ ఏడ్చారు. నేను మిషన్ ఆపబోయాను. ఉండనిమ్మని మావయ్య చెయ్యి ఊపాడు.

టేపు తిరుగుతూనే ఉంది. దెబ్బలు, తిట్లు, "ఇది మళ్ళీ దొరకదు" అనే కేక, వాటి మధ్య మావయ్య అరుపు. "అల్లా" అని పెద్దగా మొదలైన ఆ అరుపు మధ్యలో ఒక్కసారిగా చిన్నదైపోయింది, ఎవరో తలుపు మూసినట్టు.

మావయ్య కళ్ళు తెరిచాడు. శ్రుతిలో వెంట్రుక వాసి తేడా వచ్చినా పట్టేసే చెవులవి.

"ఇక్కడ... ఎందుకు తగ్గింది?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. వైరు లూజైందనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన నా కుడి చేతి వంక చూస్తున్నాడు.

"నేనే తగ్గించాను మావయ్యా. నువ్వు అరుస్తుంటే మిషన్ మీటర్లో ముల్లు ఎర్రగీత దాటింది. సౌండు పగిలిపోతుందని... చెయ్యి దానంతటదే బటన్ మీదకి పోయింది" అన్నాను.

టేపులో చిన్న గొంతుతో మావయ్య ఇంకా అరుస్తున్నాడు. హెడ్‌ఫోన్లు నేల మీద పడిన టక్కుమన్న చప్పుడు కోసం నేను ఎదురుచూస్తున్నాను, నేను లేచానని చెప్పేది అదొక్కటే. ఎంతకీ రాదే! నిమిషం పైనే పట్టింది.

మావయ్య గోడ వైపు తిరిగి పడుకుని, "ముక్తార్, దాన్ని ఆపరా" అన్నాడు.

ముక్తార్ కష్టం మీద లేచి మిషన్ దగ్గరికి వచ్చాడు గానీ, ఏది నొక్కాలో అతనికి తెలియలేదు. నేనే వెళ్ళి ఆపాను.