పన్నెండో బెంచీ

ప్రతి శనివారం ఉదయం పేట్ బషీరాబాద్ నుంచి అమ్మాజీ ఆటోలో పట్నంలోని పాత చర్చికి వెళ్లి సామాను సరిచూసేది. రెక్కల మీద బైబిలు మోసే ఇత్తడి గద్ద, బాప్తిస్మపు రాతి తొట్టి, రంగుటద్దాల కిటికీలు, ఎప్పుడో పోయిన దొరల పేర్లున్న పాలరాతి పలకలు. దొరలే పోయారు, గద్ద పోదని నమ్మకమేంటి?

అన్నిటికంటే ఆవిడ బెంగ టేకు బెంచీల మీద. వాటి మీద మనసుపెట్టి కూర్చున్నవాళ్ల వెచ్చదనం, వాళ్లు లేచి వెళ్లినా, చచ్చిపోయినా, ఆ చెక్కలోనే ఉండిపోతుంది. చలికాలం పిల్లలు తాతమ్మల చోట్లు వెతుక్కుని మరీ కూర్చుంటారు. అలాంటి బెంచీలు పన్నెండు, చెదలు పట్టాయని మేడ్చల్‌లో వడ్రంగి బాలమల్లు షెడ్డుకి వెళ్లాయి. పాత టేకు బంగారమాయె. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అనిపించింది అమ్మాజీకి.

మూడోరోజే వెళ్లింది. పాలిష్ గీకేసి, నంబరు బిళ్లలు ఊడదీసిన బెంచీలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అరచేత్తో ఒక్కొక్కటీ తడుముతూ పోయింది. అన్నీ వెచ్చగానే ఉన్నాయి. చివరిదాని కొసన మాత్రం చెయ్యి చల్లబడింది.

"ఇది మార్చేశావు బాలమల్లూ! చర్చిలో ఉన్న మిగతా బెంచీలు నీకు రావు. కమిటీకి చెప్తాను."

"అయ్యో, గట్లనకుండ్రి అమ్మా. మా నాయిన కాలం సంది గీ చర్చి పనే జేస్తున్నం. పేరు పోతే ఇగ నాకెవ్వలు పనిస్తరు?" బాలమల్లు బెంచీని వొరిగించి, సీటు అంచు కింద చూపించాడు. "గీ గీతలు సూడుండ్రి. కొత్త సెక్కకు గివి యాడికెల్లొస్తయి?"

పిన్నీసుతో గీకిన 'అ'. ఆరేళ్లప్పుడు, ప్రసంగం ఎంతకీ అవక, తనే గీకింది.

అది తన చోటే. యాభై ఏళ్లుగా అక్కడ కూర్చుని, ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు పాటల పుస్తకం సంచిలో వేసుకున్నారో చూస్తూనే ఉంది. జానెడు పక్కన చెక్క వెచ్చగా ఉంది. అది మూడేళ్ల కిందట పోయిన భర్త చోటు. అమ్మాజీకి సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"మంచినీళ్లు దాగుతరా అమ్మా?"

"బెంచీ తిన్నగా పెట్టు. కాసేపు కూర్చుంటాను."

మిగతా బెంచీలు కూడా బాలమల్లు దగ్గరికే వెళ్లాయి. లెక్కపెట్టడానికి ఎవరూ వెళ్లలేదు. పన్నెండో బెంచీ తిరిగొచ్చిన ఆదివారం అమ్మాజీ తన చోట కూర్చుంది. ఎవరో ఆలస్యంగా వచ్చి, వెనక తలుపు కిర్రుమనిపించారు. ఆవిడ తల తిప్పలేదు.

ఆరాధన అయ్యాక లేచింది. చెయ్యి పెట్టి చూడాలని వేళ్లు లాగాయి. చూడకుండానే ఇంటికెళ్లింది.