రుసరుస ఒప్పేసుకున్న పది పాటలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పాట మోగుతూ ఉండగానే అది పాటలా కాకుండా ఫ్యాను చప్పుడులా వినపడడం మొదలవుతుందేమోనని. భయాలకి నా దగ్గర కొదవ లేదు, గ్యాసు కట్టేశానా లేదా అని సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చే రకాన్ని నేను. కానీ ఇది వేరు. ఇది ఒకసారి నా ఇంటికి వచ్చి వెళ్ళింది. ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో కూర్చుందని నా అనుమానం.

ఏడాది చివర మన పాటల గ్రూపు మార్కులు కూడి మీకు చెప్పేది నేనే కదా. కొత్తగా చేరినవాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ ఏడాది వచ్చిన పాటల్లో నచ్చినవి పది, వరసగా రాసి పంపాలి. కింద మూడు ఆల్బమ్‌లు. మొదటి పాటకి పది మార్కులు, ఆఖరిదానికి ఒకటి. పోయినేటి పాట పెడితే సున్నా. తొమ్మిదో తరగతిలో లెక్కల పరీక్షకి ముందే బడి మానేసినదాన్ని పట్టుకుని లెక్కలమ్మ అని పేరు పెట్టారు. పెట్టింది రుసరుస.

రుసరుస మందుల షాపు కౌంటర్‌లో పనిచేస్తుంది. నేనామెని ఎప్పుడూ చూడలేదు. గొంతే తెలుసు. నేను నెత్తిన పెట్టుకున్న పాట ఆమె పదిలో ఉండదు, ఉంటే అట్టడుగున, పక్కన ఒక చురకతో. నేను పనిచేసేది లాండ్రీలో. దుప్పట్లు మడతపెడుతూ వింటాను, ఎన్ని మడతపెట్టానో మర్చిపోయేలా చేసిన పాటకి పెద్ద ర్యాంకు ఇస్తాను. ఆమె పద్ధతి అది కాదు. "కౌంటర్ ముందు పదిమంది అరుస్తుండగా చెవిలో ఒక్క లైనైనా నిలబడాలి. నిలబడనిది పాట కాదు, నీ దుప్పటి" అంటుంది.

పోయినేడు నేను రెండో స్థానం ఇచ్చిన లిఫ్టు పాట గుర్తుందా? కరెంటు పోయి లిఫ్టులో ఇరుక్కున్నవాడు పాడేది. దాని గురించి రుసరుస పెట్టిన వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. "దీనికి ర్యాంకు కాదమ్మా, జరిమానా వేయాలి. వాడు పాడుతున్నాడా, పంటినొప్పి చెప్పుకుంటున్నాడా?" వారం రోజులు కొట్టుకున్నాం. చివరికి బ్యాటరీల షాపు అన్నయ్య వచ్చి, "మీ ఇద్దరి వేడికి నా కొట్లో సరుకంతా చార్జి అయిపోతోంది, ఇక ఆపండి తల్లుల్లారా" అన్నాడు.

ఈ ఏడు మీ అందరికంటే ముందు నా పది పంపాను. బొంగురు గొంతు అమ్మాయి కిటికీ పాట మొదటిది. ఆల్బమ్‌లలో ఆమెదే 'తాళంచెవులు' పైన పెట్టాను, ఎందుకంటే అందులో ఒక్క పాటా మధ్యలో దాటేయబుద్ధి కాలేదు. దీని మీద రుసరుస ఎంత గొడవ చేస్తుందోనని ఎదురు చూశాను. ఆమెకి కాన్పయి రెండు నెలలు, కాస్త ఆలస్యమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడే వచ్చింది. నా పదే. అదే వరస. అవే మూడు ఆల్బమ్‌లు. కింద ఒక్క చురకా లేదు.

గ్రూపంతా పండగ చేసుకుంది. "రుసరుస లొంగిపోయిందహో" అన్నాడు బ్యాటరీల అన్నయ్య. "పిల్ల పుట్టాక రుచి తెలిసొచ్చింది" అంది టైలరక్క. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి. మా ఆయనకి చూపిస్తే, "గెలిచావుగా, ఇంకేం కావాలి?" అన్నాడు.

మార్కులు కూడడానికి కూర్చున్నప్పుడు నా తప్పు నాకు కనపడింది. నా నాలుగో పాట లిఫ్టు పాట. పోయినేటిది. మా పిల్లకి జ్వరం మొదలైన రోజున ఆ హడావిడిలో రాసి పంపేశాను. మీరెవరూ పట్టుకోలేదు. కానీ రుసరుస? జరిమానా వేయమన్న పాటని, ఈ ఏడుది కూడా కాని పాటని, నాలుగోదిగా పెట్టి పంపింది. చేతికి బియ్యం గింజంత రాయి దొరికినా నా నెత్తిన కొట్టే మనిషి, బండరాయి అందిస్తే పక్కన పెట్టేసింది.

కూడడం ఆపేశాను నేను.

ఎందుకంటే మా పిల్ల పుట్టిన ఏడు నేనూ ఒక పది పంపాను. అవి అక్షరాల వరసలో ఉన్నాయి. అ దగ్గర మొదలై వ దగ్గర ఆగాయి. ఏది ముందో ఏది వెనకో నాకు తెలియలేదు. అన్నీ ఫ్యానులాగే తిరుగుతున్నాయి. మీరంతా బాగుందన్నారు. రుసరుస ఒక్కతే, "ర్యాంకులు అడిగితే హాజరుపట్టీ పంపిందేమిటి ఈ పిల్ల?" అంది. అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది, మొదటిసారి. "తిన్నావా? పిల్లని ఎత్తుకోబుద్ధి అవుతోందా? నిజం చెప్పు." లేదన్నాను. ఫోన్ మా అత్తయ్యకి ఇవ్వమంది. "ఇది పొగరు కాదండీ, పిచ్చీ కాదు. కాన్పయ్యాక కొందరికి వచ్చేదే. మా షాపుకి ఎంతమంది వస్తారో. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అని చెప్పింది. అత్తయ్య తీసుకెళ్ళింది. పాటలు మెల్లగా తిరిగొచ్చాయి.

అందుకని నిన్న నేనే ఫోన్ చేశాను. వాళ్ళ అత్తగారు ఎత్తింది.

"పడుకుందమ్మా."

"నిద్రపోతోందాండీ?"

"నిద్రేం కాదు. గోడ వైపు తిరిగి పడుకుంది."

"ఎలా ఉందండీ?"

"లక్షణంగా ఉంది. ఇదివరకు ఒక మాటంటే నాలుగు అప్పజెప్పేది. ఇప్పుడు ఏమన్నా సరేనంటుంది. తల్లయ్యాక నెమ్మది వచ్చింది."

"పాటలు పెట్టుకుంటోందా?"

"ఆ స్పీకరా? తనే తీసేయమంది. బీరువా మీద పెట్టేశాం."

ఒక్కసారి ఫోన్ ఇవ్వమని బతిమాలాను. ఇచ్చింది.

"నాలుగో పాట చూశావా?" అన్నాను.

"ఊఁ. బాగుంది."

"అది పోయినేటిదే. లిఫ్టు పాట. నువ్వు జరిమానా వేయమన్నావు."

"అవునా. నువ్వెలా అంటే అలాగే, లెక్కలమ్మా." వెనక పిల్ల ఏడుస్తోంది. "అన్నీ ఒకేలా ఉన్నాయి" అంది, అంతే, ఫోన్ మళ్ళీ అత్తగారి చేతిలోకి వెళ్ళిపోయింది.

డాక్టరుకి చూపించమన్నాను. "జ్వరం లేదు, నొప్పి లేదు, ఏమని చూపించమంటావు?" అంది పెద్దావిడ. ఆవిడ చెడ్డది కాదు. పిల్ల పాలు తాగుతోంది, కోడలు ఎదురు చెప్పడం లేదు, ఆవిడ కళ్ళకి ఇల్లు చల్లగా ఉంది. రుసరుస భర్త లారీ మీద వెళ్ళాడట, ఆదివారం దాకా రాడు.

మా ఆయనకి చెబితే, "నువ్వు తాడుని చూసి పామంటావు" అన్నాడు.

"ఒక్కోసారి పామే ఉంటుంది."

"సరే, ఉందనుకో. నువ్వు వెళ్ళి ఏం చేస్తావు?"

వెళ్ళలేను. అదే నా బాధ. మా పిల్లకి చికెన్‌పాక్స్. ఒళ్ళంతా పొక్కులు, నా చెయ్యి వదలడం లేదు. ఈ చేతులతో నేను రెండు నెలల పసిగుడ్డు ఉన్న ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఇవాళ పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. పాపకి నీళ్ళు పోస్తున్నారేమో. అంతే అయ్యుండొచ్చు.

ఇది అందరికీ రాయడం తప్పేమోనని చాలాసేపు ఆలోచించాను. రుసరుసా, నువ్వు చదివితే నన్ను తిట్టు. బూతులైనా సరే, భరిస్తాను.

మిగతావాళ్ళు ఫలితం అడగొద్దు. ఆమె సొంతంగా పది పంపేదాకా నేను మార్కులు కూడను. అన్నీ తారుమారు చేసి, 'తాళంచెవులు' కింద పడేసి పంపినా ఒప్పుకుంటాను.

పాత బస్సు డిపో వైపు ఉండేవాళ్ళు మీలో ఇద్దరు ముగ్గురున్నారు. మీతోనే నాకు పని. ఆమె ఇల్లు డిపో వెనక సందులోనే. నాకు ఫోన్ చేయండి, తలుపు నంబరు చెబుతాను. వెళ్ళి సలహాలు ఇవ్వకండి. ఎవరైనా ఒకరు పిల్లని ఎత్తుకుని అటూ ఇటూ తిప్పండి, ఇంకొకరు ఆమె పక్కన కూర్చుని ఏదో ఒక పాట గురించి తప్పుగా మాట్లాడండి. ఆమె ఊరుకుంటే, పెద్దావిడకి నచ్చజెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. తిట్టినా తీసుకెళ్ళండి. రేపటిదాకా ఆగొద్దు, దయచేసి ఇప్పుడే బయల్దేరి వెళ్ళి ఆమెని ఒకసారి చూసి రండి.