నీలాంబరిలో కిటికీ గది

నేను ఒక దుర్భిణిని. విశాఖ రేవులో మాత్రం ఎవరూ నన్ను ఆ పేరుతో పిలవరు, బైనాక్లర్ అంటారు. జపానులో పుట్టాను. నా మొదటి యజమాని గ్రీకు ఓడలో అధికారి. ఏడేళ్లు నా కళ్లతో అతడు సముద్రం కంటే ఒడ్డున ఉన్న హోటళ్ల మేడలనే ఎక్కువగా చూశాడు. ఒక మధ్యాహ్నం దాహం మరీ ఎక్కువై, నన్ను వన్‌టౌన్ దుకాణంలో అమ్మేసి పోయాడు. అక్కడ నన్ను కొన్నవాడు మైలపల్లి దానయ్య.

దానయ్య టగ్గు సరంగు. పెద్ద ఓడలకు తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవను నడిపేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. వచ్చిన ఓడలన్నిటిలోనూ అతడికి ‘నీలాంబరి’ అంటే ప్రాణం. దేశదేశాల్లో పేరున్న ప్రయాణికుల ఓడ, తెల్లగా ఏడంతస్తుల మేడలా ఉండేది. అది దూరాన కనిపించగానే నన్ను కళ్లకు ఆనించుకుని, “ఆ పైనుండి సూస్తే సముద్రం ఎలాగుంటాదో!” అనేవాడు, సముద్రం మీదే నిలబడి.

అతడు రిటైరైన రోజున తోటివాళ్లు నీలాంబరిలో మూడు రోజుల విహారానికి రెండు టికెట్లు బహుమతిగా ఇచ్చారు. “నానెందుకు మావా, నువ్వెల్లిరా,” అంది భార్య ఎర్రమ్మ. దానయ్య వినలేదు.

వాళ్లకిచ్చిన గది ఓడ అడుగున ఉంది. దానికి కిటికీ లేదు. కిటికీ ఉండవలసిన చోట సముద్రం బొమ్మ తగిలించారు. దానయ్య బొమ్మను పక్కకు జరిపి చూశాడు. గోడ. పై డెక్కు మీదికి వెళ్తే కుర్చీలన్నిటి మీదా తువాళ్లు పరిచి ఉన్నాయి, మనుషులు లేరు. రెయిలింగు పొడవునా జనం సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. అంతలో వాన పట్టుకుంది, డెక్కు మూసేశారు. ఇడ్లీల వరసలో ముప్పావుగంట నిలబడ్డాక మిగిలింది చట్నీ.

మరునాడు కెప్టెన్‌తో విందు అన్నారు. దానయ్య తెల్లచొక్కా వేసుకుని, నన్ను మెడలో తగిలించుకుని వెళ్లాడు. “సార్, ఈ ఓడని ఎన్నిసార్లో నానే రేవులోకి లాక్కొచ్చేను,” అన్నాడు. కెప్టెన్‌కు ఏం అర్థమైందో గానీ, “వెరీ గుడ్” అని చేయి కలిపి కెమెరా వైపు నవ్వాడు. వెనక నుంచి ఎవరో “నెక్స్ట్” అన్నారు.

ఎర్రమ్మ మాత్రం గది దాటలేదు. మొగుడు తెచ్చిపెట్టింది తినడం, పడుకోవడం. పాపం, ఆ చీకటి కొట్టుకు అలిగి ముసుగు తన్నిందని దానయ్య అనుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే కౌంటరు దగ్గరికి పోయి రెండు గంటలు కదలకుండా నిలబడ్డాడు. ఎవరో ఓడ ఎక్కనే లేదట, వాళ్ల గది ఖాళీగా ఉంది. తాళంచెవి పట్టుకుని పరుగున వచ్చాడు.

“ఓలె, లెగు! కిటికీ గది ఇచ్చేరు. మంచం మీంచే సముద్రం కనబడతాదంట!”

ఎర్రమ్మ దుప్పటి తీయలేదు. “నానీడే ఉంటాను.”

“పిచ్చేటి నీకు? ఈ సీకట్లోనా?”

అప్పుడు లేచి కూర్చుంది. “ముప్పై ఏళ్లు, గాలి లేస్తే సాలు, గుమ్మంలో నిలబడి సముద్రాన్నే సూసేను. నీ టగ్గు కనబడీదాకా కన్ను ముయ్యనేదు. నువ్వడగనేదు, నాను సెప్పనేదు. ఇక్కడ సముద్రం కనబడదు. నువ్వు పక్కనే ఉన్నావు. ఈ ఒక్క రోజైనా నన్ను పడుకోనీ మావా.”

దానయ్య కౌంటరు దగ్గరికి వెళ్లి తాళంచెవి తిరిగి ఇచ్చేశాడు.

“గది బాగోలేదా సార్?” అంది అక్కడి అమ్మాయి.

“బాగుందమ్మా. మా ఆవిడ పడుకుంది.”

తిరిగి వచ్చి నన్ను మెడలోంచి తీసి పెట్టెలో పెట్టి మూత వేశాడు. నా విహారం అక్కడితో ముగిసింది. మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. గదిలో ఎవరూ లేవలేదు. మొదట ఒక గురక వినిపించింది. కాసేపటికి దానికి తోడుగా రెండోది.